పాప రాత్రి ఎవరి పక్కన పడుకుంటుంది?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. నెల్లూరులో హాస్టల్లో ఉంటూ బీఎడ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. డిగ్రీ అయిన ఏడాదే ప్రేమించి గుడిలో పెళ్లి చేసుకున్నాను. నాలుగేళ్ల రెండు నెలల పాప ఉంది. గొడవలు వచ్చి ఏడాదిన్నరగా నేనూ నా భార్యా విడిగా ఉంటున్నాం. విడాకులు కాలేదు. ఆమె ప్రకాశం జిల్లాలో సముద్రం వైపున్న పుట్టింట్లో ఉంటూ రొయ్యల ప్లాంటులో రాత్రి షిఫ్టుకు వెళ్తోంది. మూడు వారాల క్రితం పాప పిక్క మీద, తొడ మీద కాలిన మచ్చలు చూసి అంగన్‌వాడీ టీచర్ పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేశారు. పోలీసులు కేసు పెట్టారు. నా బావమరిది మీద అనుమానం. గంజి ఒలికిందని మా అత్త అంటోంది. పాపను ఒంగోలు శిశుగృహలో ఉంచారు. నాకు ఐదు రోజుల తర్వాత తెలిసింది. కన్నతండ్రిని నేనుండగా పాపను ప్రభుత్వం పెంచడం ఏమిటి? నేను విద్యార్థిని, సంపాదన లేదని ఇవ్వరేమోనని భయం. చదువు మానేసి రొయ్యల చెరువుల దగ్గర పనిలో చేరితే ఇస్తారా? హైకోర్టులో హెబియస్ కార్పస్ (అక్రమంగా నిర్బంధించిన మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని అడిగే పిటిషన్) వేద్దామని మా మేనమామ అంటున్నారు. పాపను మా అమ్మ చూసుకుంటుంది. దారి చెప్పగలరు.

సమాధానం: మీ ఉత్తరం తొమ్మిది పేజీలు. పైన వేసింది దాని సారం మాత్రమే. పేర్లు, ఊళ్లు, కాలేజీ వివరాలు తీసేశాం. విచారణలో ఉన్న బిడ్డ ఎవరో తెలిసేలా పేరు గానీ, చిరునామా గానీ, ఫొటో గానీ బయటపెడితే 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి. ఈ నియమం పత్రికలకు ఎంతో కన్నతండ్రికీ అంతే. పాప కాలి ఫొటోను బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టానని ఐదో పేజీలో రాశారు. చదవడం ఇక్కడ ఆపి ముందు ఆ ఫొటో తీసేయండి. తర్వాత వచ్చి చదవండి.

తీసేశారనే అనుకుంటాను.

ముప్పై ఏళ్లు ఒంగోలు, నెల్లూరు కోర్టుల మధ్య నల్లకోటు వేసుకుని తిరిగినవాడిని. ఆ అలవాటు కొద్దీ ఉత్తరాన్ని కూడా పిటిషన్ చదివినట్టే చదువుతాను. మీ తొమ్మిది పేజీల్లో ఏడు పేజీలు మీ భార్య గురించి, అత్తగారింటి గురించి. పాప గురించి మొత్తం పదకొండు వరుసలు. లెక్కపెట్టాను. ఆ పదకొండింటిలోనూ పాపకు పప్పన్నం ఇష్టమో పెరుగన్నం ఇష్టమో లేదు. టీకాలు ఎక్కడ వేయించారో, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయో, చీకటంటే భయపడుతుందో, ఎవరి పక్కన పడుకుంటే నిద్రపోతుందో లేదు. ‘నా రక్తం’ అన్న మాట మాత్రం నాలుగుసార్లు వచ్చింది. నిష్ఠూరం అనుకోకండి. ఒంగోలులో కమిటీ ముందు కూర్చున్న రోజున మిమ్మల్ని అడగబోయేవి ఈ రాయని సంగతులే.

ముందుగా, పాపను ప్రభుత్వం పెంచడం లేదు. కాపాడి దగ్గర ఉంచుకుంది, అంతే. దెబ్బలతోనో కాలిన గాయాలతోనో కనిపించిన బిడ్డను ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా చైల్డ్ వెల్ఫేర్ కమిటీ ముందు హాజరుపరచాలని చట్టం. తెలుగులో బాలల సంక్షేమ సమితి అంటారు. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. వారిలో కనీసం ఒక మహిళ ఉండాలి. ఈ కమిటీకి ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ అధికారాలు ఉన్నాయి. ఇంట్లో ప్రమాదం ఉందని అనిపించినంత కాలం బిడ్డను శిశుగృహలోనో, తగిన మనిషి దగ్గరో ఉంచమని ఆదేశించగలదు. పాప పెరిగిన ఇల్లు ఎలాంటిదో, ఎవరు చూసుకునేవారో తెలుసుకునే సామాజిక విచారణ 15 రోజుల్లో పూర్తి చేయించాలి. మొదటిసారి హాజరుపరచిన నాటి నుంచి నాలుగు నెలల్లోగా తుది ఉత్తర్వు ఇవ్వాలి.

మూడు వారాలు గడిచాయన్నారు కాబట్టి మీ అత్తగారింటి నివేదిక ఇప్పటికే కమిటీ బల్ల మీద ఉండి ఉండవచ్చు. అందులో మీ గురించి ఒక్క వాక్యం ఉంటుంది: తండ్రి విడిగా ఉంటున్నాడు. ఈ మూడు వారాల్లో మీరు పోలీస్ స్టేషన్‌కు రెండుసార్లు వెళ్లి ఎస్‌ఐ గారితో వాదించారు. కమిటీ దగ్గరికి ఒక్కసారీ వెళ్లలేదు. పాప ఎక్కడ ఉండాలో తేల్చేది స్టేషన్ కాదు. పోలీసులు తేల్చేది ఎవరు కాల్చారన్నది. ఈ రెండు దారులూ పక్కపక్కనే నడుస్తాయి గానీ ఒకటి కావు. బావమరిదికి శిక్ష పడినంత మాత్రాన పాప మీ చేతికి రాదు. పడకపోయినంత మాత్రాన రాకుండానూ పోదు.

ఇక మీ అసలు భయం. విద్యార్థిని అని ఇవ్వరా? విద్యార్థి తండ్రికి బిడ్డను ఇవ్వకూడదని ఏ చట్టంలోనూ లేదు. బీద తండ్రికి ఇవ్వకూడదనీ లేదు. వాళ్లు చూసేది మీ ఇంట్లో పాపకు తెల్లవారి మళ్లీ తెల్లవారే దాకా ఎవరు తోడు అన్నది. మీరు వేయబోతున్న తప్పటడుగు ఇక్కడే ఉంది. మీ భార్య రాత్రి షిఫ్టుకు వెళ్లడమే ఈ ఘోరానికి కారణమని రెండు పేజీలు రాశారు. మీరు చేరతానంటున్న పని ఏమిటి? రొయ్యల చెరువుల దగ్గర కాపలా. తెల్లవారుజామున చెరువు నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది. నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగకుండా కనిపెట్టుకుని ఉండాల్సింది ఆ వేళల్లోనే. కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరుగెత్తాలి. అంటే మీదీ రాత్రి ఉద్యోగమే. ఆమె రాత్రి వెళ్లిపోతే పాప బావమరిది చేతిలో పడింది. మీరు రాత్రి వెళ్లిపోతే ఎవరి పక్కన పడుకుంటుంది? కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా ఈ ప్రశ్న వేస్తారు. పగలు కాలేజీకి వెళ్లి సాయంత్రానికి ఇంటికి చేరే విద్యార్థి ఆ ప్రశ్నకు మీ చెరువు కాపలాదారు కన్నా మెరుగైన జవాబు చెప్పగలడు.

కాబట్టి చదువు మానకండి. కొద్ది నెలల్లో బీఎడ్ చేతికొస్తుంది, డీఎస్సీ రాయవచ్చు. అవి కాగితం మీద పెట్టగల మాటలు. మానేసిన చదువు కాగితం మీద మిమ్మల్ని నిలకడ లేని మనిషిగా చూపిస్తుంది. హాజరు సంగతి మాత్రం చూసుకోండి. బీఎడ్‌లో తరగతులకు 80 శాతం, బడిలో చేసే ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు కావాలి. ఒంగోలు తిరగడానికి సెలవులు పోతాయి. కమిటీ ముందు హాజరైన ప్రతిసారీ, ఫలానా తేదీన వచ్చారని ఒక కాగితం రాయించుకుని ప్రిన్సిపల్‌కు ఇవ్వండి. సంగతంతా చెప్పనక్కరలేదు. కుటుంబానికి సంబంధించిన విచారణ అంటే చాలు.

హాస్టల్ గది చూపించి పాపను అడగలేరు. అందుకే ‘మా అమ్మ చూసుకుంటుంది’ అని రాశారు. ఆ ఒక్క వాక్యం మీద మీ దరఖాస్తు అంతా నిలబడాలి. అది చాలా పలచగా ఉంది. అమ్మను అడిగారా? మీ నాన్నగారికి పక్షవాతం వచ్చి రెండేళ్లుగా మంచంలో ఉన్నారని, అమ్మ పొదలకూరు వైపు నిమ్మతోటల్లో కాయ కోతకు కూలికి వెళ్తుందని మూడో పేజీలో మీరే రాశారు. పొద్దున్నే కోతకు వెళ్లే మనిషి, మంచంలో ఉన్న భర్త, ఇప్పుడు నాలుగేళ్ల పిల్ల. మన ఇళ్లలో ఆడవాళ్లను అడగకుండానే వాళ్ల మీద పనులు పెడతాం, వాళ్లూ సరేనంటారు. అధికారులు ఇంటికి వచ్చినప్పుడు అమ్మను పక్కకు పిలిచి విడిగా మాట్లాడతారు. అప్పుడామె ‘వాడే చెప్పాడమ్మా, నాకేమీ తెలియదు’ అంటే మీ పని అయిపోయినట్టే.

ఈ ఆదివారం ఊరికి వెళ్లి అమ్మతో కూర్చోండి. పాప వస్తే కూలి మానాలా? మానితే ఆ డబ్బు ఎక్కడి నుంచి? ఊళ్లో అంగన్‌వాడీ ఎంత దూరం? అది వదిలాక సాయంత్రం దాకా ఎవరు చూస్తారు? మీరు హాస్టల్ వదిలి రోజూ ఊరి నుంచి బస్సులో నెల్లూరు వచ్చి వెళ్లగలరా? నా సలహా అయితే ఇదే. పొదలకూరు నుంచి నెల్లూరు గంట ప్రయాణం. ఎంతోమంది పిల్లలు రోజూ వచ్చి చదువుకుంటున్నారు. పాప రాత్రి మీ ఇంట్లో మీ పక్కనే, లేదా నానమ్మ పక్కన పడుకుంటుందని చెప్పగలగడం వెయ్యి మాటల పెట్టు. ఖర్చు విషయంలో ఒక దారి ఉంది. కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య కింద, రక్షణ అవసరమైన పిల్లలు సొంత కుటుంబంలోనే పెరిగేలా నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఇస్తారు. కుటుంబ ఆదాయం గ్రామాల్లో ఏడాదికి 72,000, ఇతర చోట్ల 96,000 రూపాయలు మించకూడదు. అర్హత ఉందో లేదో జిల్లా బాలల పరిరక్షణ విభాగం వారు చెబుతారు. దాన్ని నమ్ముకుని లెక్క వేయకండి, అడగడం మాత్రం మరవకండి.

హక్కు సంగతికి వస్తాను, ఎందుకంటే మీ మేనమామ గారు ఆ మాట మీదే ఉన్నారు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం సహజ సంరక్షకుడు తండ్రే, ఆ తర్వాత తల్లి. నిజమే. అదే సెక్షన్‌లో, ఐదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలనీ ఉంది. మీ పాపకు ఇంకా ఐదు నిండలేదు. ‘తండ్రి తర్వాత’ అంటే తండ్రి పోయాకనే అని అర్థం కాదని, తండ్రి లేని సమయంలో, పట్టించుకోని సందర్భంలో కూడా తల్లే సంరక్షకురాలని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏడాదిన్నరగా ఇంట్లో లేని తండ్రి ఆ తీర్పును ఒకసారి నెమ్మదిగా చదువుకోవాలి. వీటన్నిటి మీదా 13వ సెక్షన్ ఉంది. బిడ్డ మేలే అన్నిటికన్నా ముందు. అంటే మీ హక్కూ, ఆమె హక్కూ గుమ్మం దాకా తీసుకెళ్తాయి. లోపలికి రానిచ్చేది బిడ్డ మేలు. గుడి పెళ్లి రిజిస్టర్ కాలేదని కంగారు పడ్డారు. ఆచారం ప్రకారం జరిగిన పెళ్లి రిజిస్టర్ కానంత మాత్రాన చెల్లకుండా పోదు. పాప జనన ధ్రువీకరణ పత్రంలో తండ్రిగా మీ పేరు ఉందా? అది చూడండి ముందు.

హెబియస్ కార్పస్ వద్దు. 2019లో తేజస్విని గౌడ్ కేసులో ఒక తండ్రికి ఆ దారిలోనే బిడ్డ దక్కిన మాట నిజం. మీ మేనమామ గారికి ఎవరో చెప్పింది అదే అయి ఉంటుంది. అక్కడ తల్లి జబ్బుతో చనిపోయింది, బిడ్డ తల్లి తరఫు బంధువుల దగ్గర ఉంది, వాళ్లకు చట్టపరంగా ఏ అధికారమూ లేదు. మీ పాప ఉన్నది అధికారం ఉన్న కమిటీ ఉత్తర్వు మీద. దాన్ని అక్రమ నిర్బంధం అనిపించడం చాలా కష్టం. ఆ ఖర్చుతో ఇద్దరు మనుషులు ఏడాది పాటు ఒంగోలుకు రైలులో తిరగవచ్చు.

ఆరో పేజీ మధ్యలో, రెండు పెద్ద వాక్యాల నడుమ, ఒక చిన్న వాక్యం ఉంది. ‘మాటా మాటా పెరిగి ఒక్కసారి చేయి చేసుకున్నాను, అదీ మెల్లగానే.’ ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఈ సంగతి విచారణలో బయటికి వస్తుంది. మీ భార్య చెబుతుంది, లేదా మీ అత్త చెబుతుంది, చెప్పకపోతే నేను ఆశ్చర్యపోతాను. వాళ్లు చెప్పక ముందే మీరు చెప్పండి. ఎప్పుడు, ఎందుకు, ఆ సమయంలో పాప ఎక్కడ ఉంది, ఆ తర్వాత మీరు ఏం చేశారు. ‘మెల్లగానే’ అన్న మాట కొట్టేయండి. దెబ్బకు తూకం వేసే మనిషి చేతికి కాలిన గాయాలున్న బిడ్డను ఇవ్వడానికి ఎవరైనా జంకుతారు. 2008లో నీల్‌రతన్ కుండు కేసులో సుప్రీంకోర్టు ఒక తండ్రి మీద ఉన్న క్రిమినల్ కేసును, అతని నడవడిని, పిల్లవాడి ఇష్టాన్ని కింది కోర్టులు పట్టించుకోలేదని తప్పుపట్టి, బిడ్డను తల్లి తరఫు తాత, అమ్మమ్మల దగ్గరే ఉంచింది. మీ మీద కేసు లేదు. కానీ బిడ్డను అడిగే తండ్రి నడవడిని కూడా తూచి చూడాలన్న సూత్రం మీకూ వర్తిస్తుంది. డబ్బు విషయమూ అంతే. ఏడాదిన్నరలో పాప ఖర్చులకు ఎంత పంపారో ఎక్కడా రాయలేదు. పంపి ఉంటే ఫోన్‌పేలో తేదీలు ఉంటాయి, ప్రింటు తీయండి. పంపకపోతే ఆ మాటే చెప్పండి. విద్యార్థిని, లేదు, పంపలేదు అనడం అబద్ధం కన్నా నయం.

ఇక ఆ మచ్చలు. ఎవరు కాల్చారో మీకు తెలియదు. నాకూ తెలియదు. ఒలికిన గంజి కిందికి జారుతుంది కాబట్టి దాని గాయం అంచులు అడ్డదిడ్డంగా ఉంటాయి. కాల్చిన వస్తువు ఆనితే ఆ వస్తువు ఆకారమే చర్మం మీద పడుతుంది. ఈ తేడా డాక్టర్లు చూడగలరు, వూండ్ సర్టిఫికెట్‌లో రాస్తారు. అట్లకాడ కాల్చి వాత పెడతానన్న బెదిరింపు వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు ఎందరు? మా ఇంట్లోనూ విన్నాను. అల్లరికి పెట్టే వాత ఒకటైతే, ఫిట్స్‌కనో కామెర్లకనో మంత్రగాడి మాట విని పెట్టే వాత ఇంకొకటి. పాపకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అని పైన అడిగింది అందుకే. వైద్యం పేరుతో పెట్టినా కాలేది బిడ్డ ఒళ్లే. కాల్చిన వస్తువుతో గాయపరిస్తే భారతీయ న్యాయ సంహిత 118వ సెక్షన్ ఉంది. బిడ్డను చూసుకునే బాధ్యతలో ఉండి హింసించినా, హింసకు వదిలేసినా జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. కానీ మీ దరఖాస్తులో ‘నా బావమరిది కాల్చాడు’ అని రాయకండి. ఆ సమయంలో మీరు అక్కడ లేరు. ‘ఫలానా తేదీన ఫలానా వారి ద్వారా నాకు తెలిసింది’ అని రాయండి. చూడనిదాన్ని చూసినట్టు రాసినవాడు, రేపు తన ఇంటి గురించి చెప్పే మాట కూడా అలాంటిదేనని అనిపించుకుంటాడు. పరీక్షలో డాక్టరుకు లైంగిక హింస అనుమానం వస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం వేరే పద్ధతిలో విచారణ ఉంటుంది. అది వాళ్లు చూసుకుంటారు. మీరు ఊహించి ప్రచారం చేయకండి.

బావమరిది ఇంటికి నలుగురిని వెంటేసుకుని వెళ్తానని రాసిన వాక్యం నాకు కనపడలేదనే అనుకుంటాను. ఊరి పెద్దమనుషులు పిలిచి రాజీ చేస్తామన్నా వెళ్లకండి. పాప ఒంటి మీది గాయానికి రాజీ పడే అధికారం మీకు లేదు.

పాపను కలవడం గురించి మీరు అడగనే లేదు. నాకు ముఖ్యంగా కనిపించింది అదే. కమిటీకి దరఖాస్తు ఇస్తే శిశుగృహలో కలవడానికి అనుమతి ఇవ్వవచ్చు. ఇస్తే, చెప్పిన రోజున, చెప్పిన వేళకు వెళ్లండి. మీరు పాపను చివరిసారి చూసి ఎనిమిది నెలలైంది. నాలుగేళ్ల పిల్లకు అది చాలా పెద్ద కాలం. మిమ్మల్ని చూసి ఏడ్చి ఆయా వెనక దాక్కోవచ్చు. లోపలికి రాగానే ఎత్తుకోబోకండి. ‘నాన్న వచ్చాడు చూడు, ముద్దు పెట్టు’ అని ఎవరినీ అననివ్వకండి. కొంచెం దూరంలో కింద కూర్చోండి. ఒక బొమ్మల పుస్తకం తెచ్చుకుని మీలో మీరే పేజీలు తిప్పండి. మొదటి రోజు దగ్గరికి రాకపోతే రాదు. రెండోసారి, మూడోసారి వస్తుంది. అక్కడి వాళ్లు ఇదంతా గమనిస్తూనే ఉంటారు. అందుకోసం నటించకండి, నటన పిల్లలకు మనకన్నా ముందు తెలుస్తుంది.

ఒక్క ప్రశ్న మాత్రం పాపను అడగవద్దు. ‘ఎవరమ్మా కాల్చింది?’ అది అడగడానికి తర్ఫీదు పొందిన వాళ్లు ఉన్నారు. మీరు అడిగితే, మీ మొహం చూసి మీకు నచ్చే పేరు చెబుతుంది. రేపు అవతలి లాయరు ‘నాన్న నేర్పించాడు’ అంటాడు, అనుమానితుడు దర్జాగా బయటికి వస్తాడు. ఆమె తనంతట తానే ఏమైనా చెబితే విని, ‘చెప్పావు, మంచి పని చేశావు’ అనండి. పొడిగించకండి. బయటికి వచ్చాక ఆమె మాటలను ఆమె అన్నట్టే తేదీ వేసి రాసుకుని, అక్కడి బాధ్యుల చేతికి ఇవ్వండి. ‘రేపు మన ఇంటికి తీసుకెళ్తా’ అని కూడా చెప్పకండి. ఆ రేపు ఎప్పుడో మీ చేతిలో లేదు. ‘మళ్లీ బుధవారం వస్తాను’ అని చెప్పి, బుధవారం వెళ్లండి.

దరఖాస్తు తెల్లకాగితం మీద మీ చేతిరాతతో, తెలుగులోనే రాయండి. కమిటీకి లాయరు అక్కరలేదు. మూడు కోరికలు ఒకదాని కింద ఒకటి పెట్టండి. పాపను నాకు అప్పగించండి, అధికారుల పర్యవేక్షణ ఉన్నా సమ్మతమే. ఇప్పుడే కాదంటే విచారణ ముగిసేదాకా నానమ్మను తగిన సంరక్షకురాలిగా గుర్తించి ఆమె దగ్గర ఉంచండి. అదీ కాదంటే వారం వారం కలవనివ్వండి. మొదటిదే పట్టుకుని కూర్చుంటే కాదన్నప్పుడు చేతిలో ఏమీ మిగలదు. మీ ఊరు నెల్లూరు జిల్లా కాబట్టి ఇల్లు చూసి నివేదిక ఇవ్వమని ఒంగోలు కమిటీ నెల్లూరులోని బాలల పరిరక్షణ విభాగాన్ని అడుగుతుంది. ఇక్కడే ఆలస్యం జరుగుతుంది. ఏ తేదీన లేఖ పంపారో కనుక్కుని, నెల్లూరు ఆఫీసులో మర్యాదగా వాకబు చేస్తూ ఉండండి. మీ సచివాలయంలో మహిళా పోలీసును కలిసి విషయం చెప్పి ఉంచడమూ మంచిదే, ఊళ్లో మీ ఇంటి గురించి అడిగితే ఆమెనే అడుగుతారు. అధికారులు వస్తున్నారని ఇంటికి సున్నం వేయించనక్కరలేదు. మరుగుదొడ్డికి తలుపు ఉందా, పొయ్యి పిల్ల చేతికి అందే ఎత్తులో ఉందా, అవి చూసుకోండి. కమిటీ ఉత్తర్వు మీకు వ్యతిరేకంగా వస్తే 30 రోజుల్లో అప్పీలుకు వెళ్లవచ్చు, ఆ గడువు దాటనివ్వకండి.

కమిటీ పాపను మీకు ఇచ్చినా అది భార్యాభర్తల మధ్య కస్టడీ తీర్పు కాదు. దానికి 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టులో పిటిషన్ వేయాలి. తాత్కాలిక కస్టడీ కూడా అందులోనే అడగవచ్చు. మీ నెల్లూరు లాయరు మిత్రుడు ఇక్కడే వేద్దామన్నారట. పాప మామూలుగా ఎక్కడ నివసిస్తుందో అక్కడి కోర్టుకే ఆ అధికారం. అది ప్రకాశం జిల్లా. నెల్లూరులో వేస్తే ఏడాది తర్వాత కాగితాలు వెనక్కి వస్తాయి, అలాంటివి చాలా చూశాను. ఫీజుకు డబ్బు లేకపోతే ఒంగోలు కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. పురుషులకు సాధారణంగా ఆదాయ పరిమితి చూస్తారు. బిడ్డ తరఫున సాయానికి ఆ పరిమితి లేదు. 15100కు ఫోన్ చేసి అడగవచ్చు.

చివరగా మీ భార్య. ఆమె మీద మీరు రాసిన ఏడు పేజీలు కమిటీకి ఇవ్వకండి. తన బిడ్డను తమ్ముడి దగ్గర వదిలి, రాత్రంతా చల్లటి నీళ్లలో చేతులు నానబెట్టుకుని రొయ్యలు ఒలిచింది పాపకు అన్నం పెట్టడానికే కదా. ఆమెకు తెలిసి దాచిందా, తెలియక నమ్మిందా అన్నది విచారణలో తేలుతుంది. తెలియకే నమ్మి ఉంటే ఈ మూడు వారాలు ఆమెకు ఎలా గడిచాయో నేను ఊహించలేను. దరఖాస్తు చివర ఒక మాట చేర్చండి: తల్లి పాపను కలవడానికి, కమిటీ సరేనన్న పద్ధతిలో, నాకు అభ్యంతరం లేదు. పెద్దమనసు చూపించమని చెప్పడం లేదు. పాప నాలుగేళ్లూ పడుకున్నది ఆమె పక్కనే. ఆ మనిషి ఒక్కరోజులో మాయమైతే పాపకు అదొక రెండో వాత.

సోమవారం పొద్దున్న రైలు ఎక్కితే రెండు గంటల్లో ఒంగోలు. కమిటీ ఆ రోజు కూర్చుంటుందో లేదో శుక్రవారమే ఫోన్ చేసి కనుక్కోండి. అమ్మను వెంట తీసుకెళ్లండి, ఆమె తన నోటితోనే చెప్పాలి. జనన ధ్రువీకరణ పత్రం, ఆధార్ కార్డులు, పెళ్లి ఫొటోలు, కాలేజీ నుంచి బోనఫైడ్, అన్నిటికీ రెండేసి నకళ్లు పెట్టుకోండి. పాపకు బట్టలు తీసుకెళ్లాలనిపిస్తే అక్కడి వాళ్లను అడిగి తీసుకెళ్లండి. బిగుతు ప్యాంట్లు వద్దు. కాలిన చోట రాసుకోకుండా మోకాళ్ల కింది దాకా వదులుగా ఉండే నూలు గౌన్లు రెండు చాలు. కొలత తెలియకపోతే, పాప ఇప్పుడు ఎంత ఎత్తు ఉందో ముందు ఆయాను అడగండి.